పేరు సరే, చిరునామా ఎవరిది?

నేను అనుమానపు మనిషిని. ఈ మాట నా భార్య చుట్టాలందరి ముందూ చెబుతుంది, నేనూ కాదనను. ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునే రకం. తిరుపతిలో మా వీధికొచ్చే పాలతను నన్ను చూడగానే, "ఈ పొద్దు నీళ్ళు కలపలా సార్, సూసుకోండి" అని నేను అడక్కముందే చెప్పేస్తాడు. ఈ గుణం సంసారంలో ఎందుకూ పనికిరాలేదు. ఉద్యోగంలో మాత్రం ఇదే నాకు అన్నం పెట్టింది.

ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం, వాటిలోని సాఫ్ట్‌వేర్ మొండికేస్తే సరిచేయడం నా పని. పోయిన ఏడాది మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏం నేర్చుకోవాలి సార్ అని అడుగుతుంటారు. ఏ కోర్సు, ఏ సర్టిఫికెట్ అని వాళ్ళ ఉద్దేశం. అవి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. మనం సగం పేరు కొట్టగానే మిగతా సగం కంప్యూటరే పూర్తిచేసే సౌకర్యం ఒకటుంది కదా, దాని గురించి చెబుతాను. దాన్ని బాగుచేయడం చూడబోతే పూట పని. అందులోంచి ఒక మనిషి పరువు పోయేంత గొడవ వచ్చింది.

ఏకాంబరం గారి వేలు

నేను మొదట పనిచేసింది సూళ్ళూరుపేట దగ్గర ఒక విడిభాగాల కంపెనీ ఆఫీసులో. పొద్దున చెన్నై లోకల్ దిగే జనంలో చాలామంది ఆ చుట్టుపక్కల కంపెనీలకే వచ్చేవాళ్ళు. అక్కడ నా పైఅధికారి ఏకాంబరం గారు. ఇంట్లో అరవం, ఆఫీసులో తెలుగు, కోపమొస్తే రెండూ. ఆ సౌకర్యం ఉన్న ఎడిటర్‌ను నాకు నేర్పింది ఆయనే.

ఎడిటర్ అంటే అక్షరాలు కొట్టుకునే సాఫ్ట్‌వేర్. మామూలు ఎడిటర్లను వాటిని చేసినవాళ్ళు ఎలా ఇస్తే అలా వాడుకోవాల్సిందే. ఇది అలా కాదు. మనమే నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి దాని నడవడిక మార్చుకోవచ్చు. ఉత్తరాలు, మెయిళ్ళు, ప్రోగ్రాములు అన్నీ అందులోనే రాసుకోవచ్చు. మెయిల్ రాసేటప్పుడు పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి టాబ్ మీట నొక్కితే, దాచి ఉంచిన పేర్లలో, చిరునామాల్లో వెతికి మిగతాది అదే నింపుతుంది. అలవాటైనవాడు ఇంక వేరేది ముట్టుకోడు.

ఆ ఆఫీసులో ఒకాయన తన మేనేజరు మీద హెడ్డాఫీసుకు ఫిర్యాదు రాశాడు. రెండక్షరాలు కొట్టాడు, టాబ్ నొక్కాడు, పంపేశాడు. అది తిన్నగా ఆ మేనేజరుకే పోయింది. హెడ్డాఫీసు అధికారి పేరూ అవే అక్షరాలతో మొదలవుతుంది, కానీ రోజూ మేనేజరుకే మెయిళ్ళు పంపుతుంటాడు కనుక ఎడిటర్ ఆయన పేరే ముందుకు తెచ్చింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో పాపం ఆ మనిషి అన్నం కలిపి పెట్టుకుని ఒక్క ముద్దా నోట్లో పెట్టుకోలేకపోయాడు. మేమంతా పడీపడీ నవ్వాం. ఏకాంబరం గారు నవ్వలేదు.

"నవ్వేదేముండాది? రేపు నీది పోతాది" అన్నారు నాతో. "మిషను అడక్కుండానే సాయం చేస్తా ఉండాదంటే, ఎవురు సెప్తే చేస్తా ఉండాదో కనుక్కో నాయనా."

టాబ్ నొక్కిన ప్రతిసారీ ఆయన చూపుడువేలు తెరమీద పెట్టి, పేరు మొదలుకుని చిరునామా చివరిదాకా పైకి చదివేవారు. ఆయన తెరనిండా వేలి మరకలే. మేము వెనక నుంచి వెక్కిరించేవాళ్ళం. తర్వాత నేనూ అదే చేయడం మొదలుపెట్టాను, నన్నూ వెక్కిరించారు. నాకేం బాధ కలగలేదు.

ఉచితం అన్న మాట వినగానే

చివరి ఏళ్ళలో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కుదిరాను. తిరుపతి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. కాయను చేత్తో పట్టుకుని ఏ తోటదో చెప్పగలడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ నిదానం ఉండదు, మొదటి చూపులోనే తేల్చేస్తాడు. మంచివాడే, నోరు పెద్దది.

ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇదే ఎడిటర్ చూసి నేను ఆశ్చర్యపోయాను. నాకన్నా ముందు పనిచేసిన చెన్నై కాంట్రాక్టరు పెట్టి పోయాడట. ఎందుకు ఒప్పుకున్నారని పెద్దాయన్ను అడిగితే, "ఊరకే వస్తాదన్నాడప్పా. ఊరకే వచ్చేదాన్ని ఎవురొద్దంటారు?" అన్నాడు. ఊరకే వచ్చేదాన్ని నేనైతే ముందు తిప్పి చూస్తానని మనసులో అనుకున్నాను.

ఎగుమతి ఉత్తరాలన్నీ ఆ ఎడిటర్‌లో రాసేది రెజీనా. గుడిపాల వైపు నుంచి బస్సులో వచ్చేది. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ, చేతి వేగం ఎక్కువ. పెద్దాయన తెలుగులో గబగబా చెబుతూ పోతుంటే ఆవిడ ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయేది. ఆయన చివరి మాట అనేసరికి ఉత్తరం అయిపోయేది. భర్తకు ప్రమాదంలో నడుం దెబ్బతింది, ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. తమ్ముడు మా పక్క ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

నాకు ఆవిడ చెప్పిన మొదటి ఫిర్యాదు పేర్ల గురించే.

"సార్, ముని అని కొట్టి టాబ్ నొక్కితే అది ఆణ్ణే నిలబడిపోతా ఉండాది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు."

నిలబడక ఏం చేస్తుంది? చిత్తూరు జిల్లాలో ముని అంటే ఎంతమంది! మునిరత్నం, మునిస్వామి, మునికృష్ణ, మునెమ్మ. మునిరత్నాలే ఊరికొకరు. ఎవరిని ఎంచుకోవాలో దానికి తెలియడం లేదు. ఇక్కడి జనం ఎలా చెప్పుకుంటారో అలాగే చేశాను. పలమనేరు మునిరత్నం, పుత్తూరు మునిరత్నం అని పేరు పక్కన ఊరు కనపడేట్టు వరుసగా చూపించి, ఏది కావాలో ఎంచుకోమని అడిగేట్టు మార్చాను. రెజీనా రెండుసార్లు నొక్కి చూసుకుని, "ఇప్పుడు మనిషి మాదిరి అడగతా ఉండాది సార్" అని సంబరపడింది. నేను ముట్టుకున్నది పేర్లు వెతికే భాగాన్నే. కొత్త చిరునామాలను చేర్చుకునే భాగం వేరు, దాని జోలికి పోలేదు. దాని మీద ఫిర్యాదు లేదు మరి.

కాటా దగ్గర

జూన్‌లో మా ఫ్యాక్టరీ ముందు రోడ్డంతా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లే. కాటా దగ్గర రైతులు, డ్రైవర్లు, హమాలీలు, ఈగలు. ఆ సీజన్లోనే ఒక ఉదయం పెద్దాయన గల్ఫ్‌లోని మా పాత కొనుగోలుదారు సలీం భాయ్‌కి రేటు ఉత్తరం చెప్పి రాయించాడు. గదిలో ఆయనా, రెజీనా తప్ప ఎవరూ లేరు. భోజనాల లోపే ఉత్తరం వెళ్ళింది. మర్నాడు పెద్దాయన ఫోన్ చేస్తే సలీం భాయ్, పక్క ఫ్యాక్టరీవాళ్ళు తక్కువకు ఇస్తామన్నారు, వాళ్ళకు ఖాయం చేశానన్నాడు. వాళ్ళు చెప్పిన రేటు మా రేటుకు ఒక్క మెట్టు కింద. మా రేటు తెలిస్తే తప్ప ఎవరూ అంత కచ్చితంగా చెప్పలేరు.

పెద్దాయన ఫోన్ విసిరేసి, లోపలున్న రెజీనాను పిలిపించి, కాటా దగ్గర అందరి ముందూ అరిచాడు.

"మా ఉప్పు తింటా పక్కనోళ్ళకి జాబులు అమ్ముతావా మే? నీ తమ్ముడు ఆణ్ణే ఉండాడు కదా, వాడి సేతికిచ్చి పంపినావా?"

"నేనెవురికీ ఇయ్యలా పెద్దాయనా. మీరు సెప్పినోళ్ళకే పంపినాను."

"నోరు ముయ్! నేనూ నువ్వూ తప్ప ఆడ ఇంకెవురుండారు?"

రెజీనా వెనక్కి తిరిగింది. ట్రాక్టర్ల మధ్యనుంచి నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. కాయలు దించుతున్నవాళ్ళు కూడా చేతులాపి చూశారు. ఆ రోడ్డు మీద ఉన్న ఫ్యాక్టరీలన్నిట్లో మధ్యాహ్నానికల్లా ఆ మాట పాకింది. ఉత్తరాలు అమ్ముకునే మనిషి అన్న పేరు ఒకసారి పడితే ఏ ఆఫీసులోనూ ఆవిడను గడప తొక్కనివ్వరు.

రుజువు అడిగిన మనిషి

పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఆయమ్మ మిషన్ని మొత్తం తోడు. యాడ యాడికి ఏమేం పంపిందో నాకి రుజువు కావల్ల. పోలీసుల కాడికి పోవల్లంటే సేతిలో ఏదన్నా ఉండల్ల కదా."

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. ఏమైందో కనుక్కో అని చెప్పే యజమాని వేరు, రుజువు తే అని చెప్పే యజమాని వేరు. రెండోవాడికి జవాబు ముందే తెలుసు, మన చేత సంతకం పెట్టించుకుంటాడంతే. అలాంటివాడి దగ్గర పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి.

"సలీం భాయ్‌ని మన జాబు చేరిందా అని అడిగారా?" అన్నాను.

"అడిగేదేముండాది? పంపినాము కదా! కోపమొచ్చి ఫోన్ పెట్టేసినాను."

అక్కడే నాకు పెద్దాయన మీద అనుమానం వచ్చింది. అంతమాత్రాన రెజీనా మీద పోలేదు. నిజం చెప్పాలంటే ఆవిడే పంపి ఉంటుందని నేనూ అనుకున్నాను. తమ్ముడు పక్క ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఇంట్లో ఇబ్బంది ఉంది, గదిలో మూడో మనిషి లేడు. అరిచినప్పుడు ఏడవలేదు, ఒట్టు పెట్టుకోలేదు. అంత నిబ్బరంగా నడిచి వెళ్ళిందంటే నాకది ఇంకా తేడాగా అనిపించింది.

ఆఫీసులో మిగతావాళ్ళు మాత్రం, "పాపం రెజీనా అట్లాంటిది కాదు సార్, బంగారం లాంటి మనిషి" అన్నారు. అని, టీ గ్లాసులు కడిగి పెట్టి ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

కొక్కేల మధ్య

పంపిన మెయిళ్ళు తెరిచాను. రేటు ఉత్తరం ఉంది. పైన సలీం భాయ్ అని పేరు చక్కగా ఉంది. ఒక్కరికే వెళ్ళింది, ఇంకెవరికీ నకలు వెళ్ళలేదు. పెద్దాయన నా భుజం మీదుగా చూసి, "ఇది సరిగ్గానే ఉండాదే. ఇంగోటి దొంగతనంగా పంపింటాది, వెతుకు" అన్నాడు.

నేను తెరమీద వేలు పెట్టాను. పేరు చదివాను. పేరు తర్వాత కొక్కేల్లాంటి గుర్తుల మధ్య ఇంగ్లీషులో చిన్నగా చిరునామా ఉంటుంది కదా, దాన్ని కూడా చివరిదాకా పైకి చదివాను. అది సలీం భాయ్ కంపెనీ చిరునామా కాదు. ఎవరిదో మామూలు ఉచిత మెయిల్ చిరునామా.

ఉత్తరం సలీం భాయ్‌కి చేరనే లేదన్నమాట. పేరు ఆయనది, చేరింది ఇంకెవరికో.

"సూసినావా! సెప్పలా నేను?" అని పెద్దాయన బల్ల చరిచాడు. ఆయన అప్పటికే పోలీసు స్టేషన్లో ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచిస్తున్నాడు. నేను ఇంకా అనుమానంగానే ఉన్నాను. దొంగతనంగా పంపే మనిషి, పంపిన నకలును చెరపకుండా అందరికీ కనపడే చోట ఉంచుతుందా?

రెజీనా కుర్చీలో కూర్చుని కొత్త మెయిల్ తెరిచి, సలీం పేరులో మొదటి మూడు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కాను. ఎడిటర్ నాకు కూడా అదే తప్పు చిరునామా ఇచ్చింది. అంటే వేళ్ళు ఎవరివైనా ఒకటే. అయినా సరే, ఆ చిరునామాను సలీం భాయ్ పేరు కింద ఆవిడే ఎక్కించి ఉండొచ్చు కదా? అది కూడా చూడాలి.

వచ్చిన మెయిళ్ళలో ఆ చిరునామా కోసం వెతికాను. ఆ వారంలోనే, రేటు ఉత్తరానికి ముందు, ఒక మెయిల్ వచ్చింది. శాంపిల్ డబ్బాలు పంపమని అడిగారు. పంపినవారి పేరు సలీం భాయ్. చిరునామా ఇదే. ఈ ఎడిటర్‌కు ఒక ఏర్పాటు ఉంది. తెలిసిన పేరుతో కొత్త చిరునామా నుంచి మెయిల్ వస్తే, దాన్ని కూడా ఆ మనిషి ఖాతాలోనే తనంతట తాను చేర్చుకుంటుంది. కొత్తదాన్ని వెనక పెట్టాలా ముందు పెట్టాలా అన్నది మనం నిర్ణయించాలి. ఇక్కడ ముందు పెట్టమని ఉంది. పేరు ఒక్కటే కనుక ఏది కావాలని అడగదు, టాబ్ నొక్కగానే ముందున్న కొత్తదే ఇస్తుంది. రెజీనా చేయి అందులో ఎక్కడా లేదు.

సలీం భాయ్ పేరుతో మెయిల్ రాసిందెవరు మరి?

గోవిందస్వామి చెప్పింది

శాంపిల్ మెయిల్ చివర ఒక ఫోన్ నెంబరు ఉంది. చేశాను.

"సలీం భాయ్‌ని మాట్లాడతా ఉండా, సెప్పండి" అన్నాడు అవతలివాడు, అచ్చం మన చిత్తూరు యాసలో.

నాకు నవ్వొచ్చింది. గొంతు పోల్చుకున్నాను. కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ మధ్య బేరాలు కుదిర్చే ఏజెంటు గోవిందస్వామి, మా ఫ్యాక్టరీకి వస్తూ పోతూ ఉండేవాడే. మా ప్రాంతంలో మామిడి వ్యాపారం తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఇక్కడ ఏజెంటు ఎవరి తరఫున ఫోన్ చేస్తే వాళ్ళ పేరే చెబుతాడు. పొద్దున సలీం భాయ్, మధ్యాహ్నం కోయంబత్తూరు సెట్టియారు, సాయంత్రం ఇంకొకరు. వినేవాళ్ళు కూడా, ఓహో ఆ పార్టీ పని మీద చేశాడు అనుకుని మాట్లాడతారు. ఎవరూ మోసం అనుకోరు. తరతరాలుగా నోటితో జరిగినన్నాళ్ళు గొంతును బట్టి మనిషి తెలిసేవాడు. గోవిందస్వామి ఈ మధ్యే కొత్త ఫోన్ కొని మెయిల్ మొదలుపెట్టాడు. అలవాటు ప్రకారం పంపేవారి పేరు దగ్గర పార్టీ పేరు పెట్టాడు. మెయిల్‌కు గొంతు లేదు కదా.

మర్నాడు బస్టాండు పక్క టీ కొట్టులో అతన్ని కలిశాను. తెల్ల చొక్కా, చంకలో సంచి, రెండు ఫోన్లు.

"రేటు జాబు నీకొచ్చిందా?"

"వచ్చింది. సదివినాను."

"అది నీకు రాసింది కాదని తెలీలేదా?"

"తెలీకేం. నా డబ్బాలో ఏసినదాన్ని నేను సదవకుండా ఎట్లుంటా సార్? పెద్దాయన నా ద్వారా బేరం నడపమన్నాడేమో అనుకున్నా. పక్కనోళ్ళు రేటెంత అని అడిగినారు, సెప్పినాను. ఏజెంటు పని అదే కదా. దాంట్లో దొంగతనమేముండాది?"

అతని ముఖంలోకి చాలాసేపు చూశాను. పెద్దాయన తన ద్వారా బేరం నడపమన్నాడనుకున్నాననడం అబద్ధం, మిగతాదంతా నిజం అని నా లెక్క. నా టీకి కూడా డబ్బు తానే ఇచ్చాడు. ఆ టీ మీద కూడా నాకు అనుమానమే.

పెద్దాయన టాబ్ నొక్కాడు

ఫ్యాక్టరీకొచ్చి సంగతంతా చెప్పాను. పెద్దాయన కళ్ళు చిట్లించి విన్నాడు. విని, "ఏమో అబ్బా. మిషన్ తనంతట తాను చేరుస్తాదంటే నేను నమ్మను. నువ్వు ఆయమ్మని కాపాడల్లని సెప్తా ఉండావు. దాన్ని బాగుచెయ్యి, ఆయమ్మ మాత్రం ఇంగ వద్దు. అందరి ముందరా అనేసినాను, మళ్ళీ ఎట్ల రమ్మనేది?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన మాట వెనక్కి తీసుకోలేడని ఒక కుటుంబం ఉపోషం ఉండాలా? ఆ సమయానికే రెజీనా వచ్చింది, బల్ల సొరుగు తాళంచెవి అప్పగించడానికి. గుమ్మం దగ్గరే నిలబడింది. నేను ఇంకా ఎడిటర్‌ను బాగుచేయలేదు, కావాలనే అలా ఉంచాను.

"మీరే ఒక మెయిల్ పంపండి పెద్దాయనా, సలీం భాయ్‌కి. పోయినసారి డ్రమ్ములు చేరాయా అని అడగండి చాలు" అన్నాను.

ఆయన ఒంటివేలితో మూడు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కాడు. పేరు వచ్చింది.

"సరిగ్గా చూసుకున్నారా? ఎవరికి పోతుంది?"

"సలీం భాయ్‌కి."

"ఎలా తెలుసు?"

"ఇంత పెద్దగా పేరుండాది కదప్పా! నాకి కళ్ళు కనపళ్ళేదనుకున్నావా?"

"అయితే పంపండి."

పంపాడు. విజయం తనదే అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. నేను కిటికీలోంచి కాటా వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి బల్లమీది ఆయన ఫోన్ మోగింది. పెద్దాయనకు ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టి మాట్లాడే అలవాటు.

"ఏం పెద్దాయనా" అన్నాడు గోవిందస్వామి గదంతా వినపడేట్టు, "డ్రమ్ములు చేరినాయా అని నన్నడిగితే ఎట్ల? నేను చిత్తూర్లో ఉండా! మొన్న రేటు, ఈ పొద్దు డ్రమ్ములు, అన్నీ నాకే పంపతా ఉండావే?"

పెద్దాయన ఫోన్ వైపు చూశాడు. తెర వైపు చూశాడు. ఈసారి కొక్కేల మధ్య ఉన్నది ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. గుమ్మం వైపు మాత్రం చూడలేకపోయాడు.

"కొత్త చిరునామాను ముందు పెట్టమని ఆ చెన్నై కాంట్రాక్టరుకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "నేనే సెప్పినాను. పార్టీలు ఏటా చిరునామాలు మారస్తా ఉండిరి. పాతదానికి పోయి జాబులు వెనక్కొస్తా ఉండె. కడాన ఏ చిరునామా నుంచి రాసింటే దానికే పోవల్ల అని నేనే అరిచినాను." తర్వాత గొంతు తగ్గించి, "రేపట్నుంచి రా మే" అన్నాడు.

రెజీనా కదల్లేదు.

"కాటా కాడ అన్న మాట కాటా కాడనే తీసుకోవల్ల పెద్దాయనా" అంది.

అబ్బ, ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ సిస్టమ్ బాగుచేసినప్పుడూ కలగలేదు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. కొట్టినా కొడతాడేమో అనుకున్నాను. లేచి, పంచె సర్దుకుని, కాటా దగ్గరికి నడిచాడు. వెనక మేమిద్దరం.

"వినండప్పా" అన్నాడు అక్కడున్నవాళ్ళతో. "ఈయమ్మ తప్పేమీ లేదు. తప్పు మిషన్ది."

అది ఎదురు చెప్పదు కదా అని యజమానులంతా చివరికి మిషన్ నెత్తినే వేస్తారు. ఊరుకోబుద్ధి కాలేదు. "మిషను ఎవరో చెప్పిన పనే చేసింది పెద్దాయనా" అన్నాను.

ఆయన నన్ను కొరకొరా చూశాడు. "సరేలేప్పా. నేను సెప్పిన పనే చేసింది. చాలా?" అన్నాడు. ట్రాక్టరు మీద కూర్చున్న ఒక రైతు పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో అందరూ నవ్వారు, పెద్దాయన కూడా కాస్త నవ్వక తప్పలేదు.

మరమ్మతు

పని ఆ మధ్యాహ్నమే అయిపోయింది. తెలిసిన పేరుతో కొత్త చిరునామా వస్తే దానంతట అది కలుపుకోకుండా, ఇది ఆ మనిషిదేనా అని అడిగేట్టు మార్చాను. టాబ్ నొక్కాక పేరుకన్నా చిరునామా పెద్దగా, వేరే రంగులో కనపడేట్టు చేశాను. ఇంతకుముందు ఎప్పుడూ మెయిల్ పంపని చిరునామా అయితే, పంపే ముందు ఒకసారి ఆపి అడిగేట్టు పెట్టాను. గోవిందస్వామిని సలీం భాయ్ ఖాతాలోంచి తీసి అతని పేరు మీదే పెట్టాను.

పెద్దాయన వారం తిరక్కుండానే విసుక్కున్నాడు. "ఏమప్పా, ఊరికూరికే అడగతా ఉండాదే" అని. అడగనీండి అన్నాను. అడక్కుండా చేసిపెట్టే దాన్ని మనుషులు మెచ్చుకుంటారు, నాకు మాత్రం అడిగేదే మేలు. మీరు ఈ పనిలో ఉన్నన్నాళ్ళు మీతో అందరూ వేగం పెంచమనే అంటారు. ఎక్కడ ఆగాలో మాత్రం ఎవరూ చెప్పరు, అది మీరే చూసుకోవాలి.

మరమ్మతు చేసిన రోజు సాయంత్రం రెజీనా, నేను ఒకే ఆటోలో చిత్తూరు బస్టాండు దాకా వచ్చాం. ఆవిడ బస్సు ముందొచ్చింది. ఎక్కబోతూ ఆగింది.

"సార్, మీరు నన్ను నమ్మినారు కాబట్టే కదా ఇంత వెతికినారు?"

అవునంటే సరిపోయేది, ఆవిడ సంతోషంగా ఇంటికి వెళ్ళేది. అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"లేదమ్మా. నువ్వే పంపి ఉంటావనుకునే మొదలుపెట్టాను."

రెజీనా బస్సు మెట్టు మీంచి కాలు దించి నా వైపు తిరిగింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నన్ను నమ్మినోళ్ళు ఆపీసులో శానామందే ఉండారు సార్" అంది. "పాపం రెజీనా అట్లాంటిది కాదులే అనుకుంటా అందరూ టీ తాగినారు. మిషన్ తెరిసి సూసింది మీరొక్కరే."